అలాయ్స్ ముందా.. టైర్లు ముందా? చిన్న స్పోర్టీ కారుకి వీల్స్ మార్చే ముందు ఈ లెక్కలు చూసుకోండి!

చేతికి కొత్త హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. టర్బో ఇంజిన్, చురుకైన స్టీరింగ్, రెండు పైపుల ఎగ్జాస్ట్. ఇక మిగిలింది ఏంటి? చాలామంది కుర్రాళ్ల లిస్టులో మొదట ఉండేది ఒక్కటే.. పెద్ద అలాయ్ వీల్స్. షాపుకి వెళ్లి డిజైన్ నచ్చగానే బడ్జెట్‌లో ముప్పావు వంతు రిమ్ములకే పెట్టేస్తారు. మిగిలిన డబ్బుతో వచ్చిన టైర్లు ఎక్కించేస్తారు. ఫొటోల్లో కారు అదిరిపోతుంది. కానీ మొదటి వానకి బ్రేక్ కొట్టినప్పుడు, మొదటి గుంతలో పడినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

కారు ఎంత స్పీడుగా వెళ్లినా, ఎంత గట్టిగా ఆగినా ఆ పని చేసేది రోడ్డుకి తగిలే రబ్బరే. ఒక్కో టైరు రోడ్డుని తాకే చోటు దాదాపు మన అరచేతంత. అంటే టన్ను బరువున్న కారు నాలుగు అరచేతుల మీద పరిగెడుతోందన్నమాట. అందుకే ఖర్చు పెట్టాల్సిన వరుస ఇది: ముందు మంచి టైర్లు, తర్వాత తక్కువ బరువున్న వీల్స్, చివర్లో సైజు. మన దగ్గర చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి పాటిస్తున్నారు. ఎందుకు ఈ వరుస? ఒక్కొక్కటిగా చూద్దాం.

బరువు తగ్గితే ఏమవుతుంది?

కారులో బరువు రెండు రకాలు. సస్పెన్షన్ స్ప్రింగుల పైన మోసేది ఒకటి.. అంటే బాడీ, ఇంజిన్, సీట్లు, మనుషులు. స్ప్రింగుల కింద ఉండేది రెండోది.. అంటే వీల్స్, టైర్లు, బ్రేకులు. దీన్నే అన్‌స్ప్రంగ్ వెయిట్ అంటారు. గుంత వచ్చినప్పుడు వీల్ కిందికి దిగి మళ్లీ పైకి లేవాలి. వీల్ బరువుగా ఉంటే అది కదలడానికీ, ఆగడానికీ టైమ్ పడుతుంది. ఆ కాసేపు టైరుకి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. కుదుపు కూడా నేరుగా సీటుకి వస్తుంది.

వీల్ బరువుకి ఇంకో గుణం ఉంది. అది ముందుకు కదలడమే కాదు, గుండ్రంగా తిరగాలి కూడా. బరువు మధ్యలో కంటే అంచున ఉంటే తిప్పడం ఇంకా కష్టం. అందుకే డిక్కీలో కిలో బరువు తగ్గించడం కంటే రిమ్ములో కిలో తగ్గించడం వల్ల లాభం ఎక్కువ.

అలాగని దీన్ని అతిగా ఊహించుకోవద్దు. ఒక్కో వీల్‌కి 2 కిలోలు తగ్గాయనుకుందాం. నాలుగింటికి 8 కిలోలు. తిరిగే బరువు కాబట్టి పికప్ విషయంలో అది సుమారు 12 కిలోలు తగ్గినట్టు పనిచేస్తుంది. వెయ్యి కిలోల కారులో ఇది ఒకటిన్నర శాతం కూడా కాదు. అంటే "వీల్స్ మారిస్తే కారు రాకెట్ అవుతుంది" అనే మాట నమ్మకండి. తేడా తెలిసేది స్టీరింగ్ స్పందనలో, గతుకుల మీద కారు కుదురుగా ఉండటంలో.

అసలు సమస్య దీనికి రివర్స్‌లో జరుగుతోంది. 15 అంగుళాల నుంచి 17కి వెళ్లి, అదీ తక్కువ ధర రిమ్ములు కొంటే.. చాలాసార్లు ఒక్కో వీల్ బరువు తగ్గడం పోయి, 2 కిలోలో 3 కిలోలో పెరుగుతుంది. డబ్బు పెట్టి మరీ కారుని మందగించేలా చేసుకోవడం అంటే ఇదే.

కాస్ట్, ఫ్లో ఫార్మ్‌డ్, ఫోర్జ్‌డ్.. తేడా ఏంటి?

అలాయ్ వీల్స్ ప్రధానంగా మూడు పద్ధతుల్లో తయారవుతాయి.

కాస్ట్ వీల్స్: కరిగిన అల్యూమినియం మిశ్రమాన్ని అచ్చులో పోసి చేస్తారు. కంపెనీ నుంచి వచ్చే అలాయ్స్‌లో ఎక్కువ భాగం ఇవే. ధర తక్కువ. కావాల్సిన బలం రావాలంటే లోహం మందంగా ఉండాలి, కాబట్టి బరువు ఎక్కువ.

ఫ్లో ఫార్మ్‌డ్ వీల్స్: ముందు అచ్చులో పోస్తారు. తర్వాత వేడిగా ఉన్నప్పుడే తిప్పుతూ రోలర్లతో నొక్కి రిమ్ము భాగాన్ని సాగదీస్తారు. దీంతో లోహం పలుచబడుతుంది, బలం మాత్రం తగ్గదు. ధరకీ బరువుకీ మధ్య మంచి రాజీ ఇదే.

ఫోర్జ్‌డ్ వీల్స్: గట్టి అల్యూమినియం దిమ్మని భారీ ప్రెస్ కింద నొక్కి ఆకారం తెస్తారు. మూడింటిలో తేలికైనవి, బలమైనవి ఇవే. ధర కూడా అంతే ఘాటుగా ఉంటుంది.

ఫోర్జింగ్‌తో బరువు ఎంత తగ్గించొచ్చో చెప్పడానికి ఒక పేరు చాలు. జపాన్‌కి చెందిన రేస్ కంపెనీ 1996లో తెచ్చిన వోల్క్ రేసింగ్ టీఈ37. ఆ పేరులోని 37 అంటే 3.7 కిలోలు. 15 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పు ఉన్న సైజులో ఆ వీల్ బరువు అది. మామూలు 15 అంగుళాల కాస్ట్ అలాయ్ 7 కిలోల వరకూ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా తూగుతుంది.

ఇదే పేరు మీద మన మార్కెట్లో ఇంకో చిక్కు ఉంది. పేరున్న ఫోర్జ్‌డ్ వీల్ డిజైన్‌ని కాపీ కొట్టి, మామూలు కాస్టింగ్‌లో చేసిన రెప్లికాలు చాలా దొరుకుతాయి. చూడ్డానికి అచ్చు అలాగే ఉంటాయి. బరువు ఉండదు కదా అనుకుంటే పొరపాటే. బలం అయితే అసలు చెప్పలేం. కొనేటప్పుడు వీల్ మీద జేడబ్ల్యూఎల్ అనే ముద్ర, లోడ్ రేటింగ్ చెక్ చేయండి. జేడబ్ల్యూఎల్ జపాన్ భద్రతా ప్రమాణం. షాపులో లగేజీ తూకం లాంటిది ఉంటే వీల్‌ని తూచి చూపించమనండి. బరువు చెప్పలేని షాపు "లైట్ వెయిట్" అని అమ్ముతుంటే ఆలోచించాల్సిందే.

టైరు మీద అంకెలు ఇలా చదవాలి

సైజు మార్చే ముందు పాత టైరు పక్క గోడ మీద ఏం రాసుందో చూడండి. మారుతీ స్విఫ్ట్ పై వేరియంట్లలో 185/65 ఆర్15 అని ఉంటుంది. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో.

ఇప్పుడు మొత్తం ఎత్తు లెక్కేయండి. 15 అంగుళాలు అంటే 381 మిల్లీమీటర్లు. దానికి పైన, కింద పక్క గోడలు కలిపితే సుమారు 621 మిల్లీమీటర్లు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కి వచ్చే 195/55 ఆర్16 తీసుకుంటే 406కి రెండు వైపులా 107 కలపాలి. అది కూడా దాదాపు 621. రిమ్ము పెరిగింది, పక్క గోడ తగ్గింది, మొత్తం ఎత్తు మాత్రం మారలేదు. సైజు మార్చాలంటే పాటించాల్సిన సూత్రం ఇదే.

ఈ ఎత్తు మారితే స్పీడోమీటర్ లెక్క తప్పుతుంది. 621 ఉన్న చోట 205/50 ఆర్17 ఎక్కిస్తే ఎత్తు 637కి చేరుతుంది. అంటే రెండున్నర శాతం ఎక్కువ. మీటర్ ఇంతకుముందు చూపించిన అంకే చూపిస్తుంది, కారు మాత్రం అంతకంటే వేగంగా వెళ్తుంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. మీటర్‌ని నమ్ముకుని లిమిట్‌కి దగ్గరగా వెళ్లేవాళ్లకి ఆ మూడు కిలోమీటర్ల తేడా చలాన్ రూపంలో కనిపించొచ్చు.

సైజు పక్కనే ఇంకో అంకె, ఒక అక్షరం ఉంటాయి. ఉదాహరణకి 88 హెచ్. 88 అంటే ఆ టైరు 560 కిలోలు మోయగలదు. 87 అయితే 545, 91 అయితే 615 కిలోలు. అక్షరం గరిష్ఠ వేగం చెబుతుంది. టీ అంటే 190, హెచ్ అంటే 210, వీ అంటే 240 కిలోమీటర్లు. కొత్త టైరులో ఈ రెండూ కంపెనీ టైరు కంటే తక్కువ ఉండకూడదు. ఐదుగురితో, లగేజీతో విజయవాడ హైవే ఎక్కినప్పుడు ఈ అంకె విలువ తెలుస్తుంది.

వీల్ కొలతల్లో ఈ నాలుగూ మర్చిపోవద్దు

పీసీడీ: బోల్టు రంధ్రాలు ఎన్ని, ఏ వ్యాసం గీత మీద ఉన్నాయి అనే లెక్క. ఐ20, బాలెనో లాంటి కార్లకి 4 రంధ్రాలు, 100 మిల్లీమీటర్లు. 2022లో ఉత్పత్తి ఆగిన ఫోక్స్‌వ్యాగన్ పోలోకి 5 రంధ్రాలు, 100 మిల్లీమీటర్లు. ఒకదానివి ఇంకోదానికి పట్టవు.

సెంటర్ బోర్: మధ్య రంధ్రం. ఇది హబ్ కంటే పెద్దగా ఉంటే వీల్ సరిగ్గా మధ్యలో కూర్చోదు. స్పీడ్ పెరిగాక స్టీరింగ్ వణుకుతుంది. అలాంటప్పుడు సరైన సైజు హబ్ రింగులు వేయించాలి.

ఆఫ్‌సెట్: రిమ్ము మీద ఈటీ అని, దాని పక్కన ఒక అంకె ఉంటుంది. అది బాగా తగ్గితే వీల్ బయటికి పొడుచుకొస్తుంది. మలుపులో, ఫుల్ లోడ్‌లో ఫెండర్‌కి రాసుకుంటుంది. బేరింగుల మీద బరువు పెరుగుతుంది.

నట్టు కూర్చునే చోటు: కొన్ని వీల్స్‌కి కోన్ ఆకారం, కొన్నింటికి బంతి ఆకారం నట్లు లేదా బోల్టులు కావాలి. తప్పు రకం బిగిస్తే బయటికి గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, నడుస్తుంటే వదులవుతుంది. పాత నట్లు కొత్త వీల్‌కి సరిపోతాయో లేదో ఫిట్టింగ్‌కి ముందే అడగండి.

పెర్ఫార్మెన్స్ టైరు అంటే ఏది?

ఒకే కంపెనీలో కూడా టైర్లు రకరకాలు. బ్రిడ్జ్‌స్టోన్‌లో ట్యూరాంజా కంఫర్ట్ కోసం, పొటెంజా పెర్ఫార్మెన్స్ కోసం. మిషెలిన్‌లో ప్రైమసీ, పైలట్ స్పోర్ట్ కూడా అంతే. యోకోహామాలో బ్లూఎర్త్ మైలేజీ వైపు మొగ్గితే, అడ్వాన్ పేరుతో స్పోర్టీ టైర్లు వస్తాయి. బ్రాండ్ పేరు ఒక్కటే చూసి కొంటే సరిపోదు, ఏ రకం అనేది ముఖ్యం.

పెర్ఫార్మెన్స్ టైర్ల రబ్బరు కాస్త మెత్తగా, పక్క గోడ గట్టిగా ఉంటుంది. మలుపుల్లో పట్టు, బ్రేకింగ్ బాగుంటాయి. బదులుగా త్వరగా అరుగుతాయి, శబ్దం పెరుగుతుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది. చాలా టైర్ల మీద ట్రెడ్‌వేర్ అనే అంకె కనిపిస్తుంది. 200 దగ్గర ఉంటే ట్రాక్ వాడకానికి దగ్గరగా ఉన్న మెత్తటి రబ్బరు. 400, ఆపైన ఉంటే రోజువారీ వాడకానికి ఎక్కువ కాలం వచ్చేది. రోజూ ఆఫీసుకి వెళ్లి, వారాంతంలో ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లకి ట్రాక్ టైర్లు దండగ. పైగా వాటిలో నీళ్లు బయటికి తోసే గాడులు తక్కువ. నడి వానలో అవి ప్రమాదం.

ఇక్కడే ఇంకో అపోహ. "టైరు వెడల్పుగా ఉంటే వానలో గ్రిప్ ఎక్కువ" అంటారు. పొడి రోడ్డు మీద కొంత నిజం. నీళ్లు నిలిచిన రోడ్డు మీద మాత్రం వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకి తోయాలి. తోయలేకపోతే నీటి మీద తేలుతుంది. ఆ క్షణంలో స్టీరింగ్ తిప్పినా, బ్రేక్ తొక్కినా కారు వినదు. అందుకే చిన్న కారుకి కంపెనీ సైజు కంటే 10 మిల్లీమీటర్ల వెడల్పు పెంచితే చాలు. అంతకు మించి అవసరం లేదు.

టైరుకి ప్రభుత్వ ప్రమాణాలు కూడా ఉన్నాయి. తడి రోడ్డు మీద పట్టు, దొర్లే నిరోధం, శబ్దం.. ఈ మూడింటికీ పరిమితులు పెడుతూ కేంద్ర రవాణా శాఖ 2022 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఏఐఎస్-142 పేరుతో ఉన్న ఈ ప్రమాణాలు 2022 అక్టోబర్ నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చాయి. దేశంలో అమ్మే కారు టైరుకి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఎక్కడో దూరం నుంచి వచ్చినవే మంచివి అనుకోనక్కర్లేదు కూడా. అపోలో కార్ల టైర్లు తిరుపతి జిల్లా చిన్నపండూరు ప్లాంటులో తయారవుతున్నాయి. ఎంఆర్ఎఫ్‌కి సదాశివపేటలో ఫ్యాక్టరీ ఉంది.

మన రోడ్లకి ఎంత సైజు సేఫ్?

పక్క గోడ అంటే గుంతకీ రిమ్ముకీ మధ్య ఉన్న దిండు. 185/65 ఆర్15లో ఆ దిండు 120 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16లో 107. 205/45 ఆర్17కి వెళ్తే 92 మాత్రమే. వానాకాలంలో నీళ్ల కింద దాక్కున్న గుంతలో 60 స్పీడుతో పడితే ఆ 28 మిల్లీమీటర్ల తేడానే రిమ్ము వంగడాన్నో, పగలడాన్నో, టైరు పక్కన బుడగ రావడాన్నో నిర్ణయిస్తుంది. బుడగ వచ్చిన టైరుని రిపేర్ చేయించొద్దు. లోపలి దారాలు తెగాయని అర్థం. హైవే మీద ఎప్పుడైనా పేలొచ్చు.

కాబట్టి 15 అంగుళాలతో వచ్చిన కారుకి 15లోనే తేలికైన వీల్ లేదా గరిష్ఠంగా 16. 16తో వచ్చిన కారుకి 16లోనే ఉండటం మంచిది. 17 అనేది చూపుకి తప్ప నడకకి కాదు.

చట్టం, ఇన్సూరెన్స్ సంగతేంటి?

కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. టైర్ల విషయంలో సేఫ్ దారి ఒకటే. అదే మోడల్‌లో ఏదో ఒక వేరియంట్‌కి కంపెనీ ఇస్తున్న సైజులోనే ఉండటం. మీ కారు డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద, మాన్యువల్‌లో ఆ సైజులు ఉంటాయి.

వీల్స్ మార్చాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, పాలసీలో నమోదు చేయించండి. చెప్పకపోతే యాక్సిడెంట్ తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు. సస్పెన్షన్ పార్టులు పాడైతే వారంటీ ఇవ్వబోమని షోరూమ్ చెప్పే అవకాశం కూడా ఉంది. కంపెనీ వీల్స్ అమ్మేయకుండా ఇంట్లో పెట్టుకోవడం అందుకే మంచిది.

60 వేల బడ్జెట్.. రెండు దారులు

ఉదాహరణకి చేతిలో 60 వేలు ఉన్నాయనుకుందాం. మొదటి దారి: 40 వేలకి 17 అంగుళాల కాస్ట్ అలాయ్స్, మిగిలిన 20 వేలకి దొరికిన నాలుగు టైర్లు. బరువు పెరిగింది, దిండు తగ్గింది, గ్రిప్ అంతంతమాత్రం. స్టాండు మీద కారు బాగుంది.

రెండో దారి: కంపెనీ వీల్స్ అలాగే ఉంచి, నాలుగు మంచి పెర్ఫార్మెన్స్ టైర్లు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్. ఇంకా డబ్బు మిగులుతుంది. ఆ మిగిలిందాన్ని దాచుకుని, తర్వాత ఫ్లో ఫార్మ్‌డ్ వీల్స్‌కి వెళ్లొచ్చు. మొదటి రోజు నుంచే బ్రేకింగ్‌లో తేడా తెలుస్తుంది. ఎవరూ తిరిగి చూడకపోవచ్చు, కానీ ముందు వెళ్తున్న ఆటో సడన్‌గా ఆగినప్పుడు కారు ఆగుతుంది.

ఎక్కించాక ఇవి చేయండి

తయారీ తేదీ చూడండి: టైరు మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. బాగా పాత స్టాకు అంటగడితే తీసుకోవద్దు. వాడకం తక్కువైనా ఐదేళ్లు దాటాక ఏటా చెక్ చేయించాలి. పదేళ్లయితే చూడ్డానికి బాగున్నా మార్చేయాలి.

రెండే మారుస్తుంటే వెనక్కి వేయండి: చాలా షాపుల్లో కొత్త జత ముందుకి వేస్తారు. కానీ తడి రోడ్డు మీద వెనక టైర్లు పట్టు తప్పితే కారు గిర్రున తిరిగిపోతుంది. దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవర్‌కి చాలా కష్టం. అందుకే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారైనా కొత్తవి వెనకే ఉండాలి.

గాలి చల్లగా ఉన్నప్పుడు చూడండి: కారు కదలక ముందు, స్టిక్కర్ మీద ఉన్నంత పెట్టించాలి. "ఎండాకాలం కదా, రెండు పాయింట్లు తగ్గించండి" అనేది పాత అలవాటు, తప్పుడు అలవాటు. గాలి తక్కువైతే పక్క గోడ ఎక్కువగా వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో టైరు పేలడానికి అదే దారి. నైట్రోజన్ పెట్టించినా, పెట్టించకపోయినా ఈ చెకింగ్ తప్పదు. మామూలు గాలిలోనూ 78 శాతం ఉండేది నైట్రోజనే.

నట్లు టార్క్ రెంచ్‌తో బిగించమనండి: గాలి గన్‌తో ఇష్టమొచ్చినంత బిగిస్తే నట్లు, వీల్ రెండూ పాడవుతాయి. మాన్యువల్‌లో ఎంత టార్క్ ఉందో అంతే. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చెక్ చేయించాలి.

అరుగుదల గమనించండి: చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. కానీ వానాకాలం ముందు 3 మిల్లీమీటర్లు కూడా లేకపోతే ఆలస్యం చేయొద్దు. 60 స్పీడులో ఉన్నప్పటి కంటే 120లో కారు ఆగడానికి నాలుగు రెట్లు శక్తి ఖర్చవ్వాలి. ఆ భారమంతా ఆ నాలుగు అరచేతుల మీదే పడుతుంది.

షాపుకి వెళ్లేటప్పుడు ఈ ఐదూ ఫోన్‌లో రాసుకోండి: కంపెనీ టైరు సైజు, లోడ్ నంబర్, పీసీడీ, సెంటర్ బోర్, ఆఫ్‌సెట్. డిజైన్ చూపించే ముందు వీల్ బరువు, టైరు రకం చెప్పమనండి. ఆ రెండూ అడిగితే చాలు, షాపువాడు మాట్లాడే తీరే మారిపోతుంది.